దేశమునకు ఒక్క అంకె చాలునా? ఆరుబయటి సహజ వికిరణపు కొలతలపై ఒక విమర్శ

2023వ సంవత్సరము జూలై మాసమున భారతదేశపు పత్రికలలో ఒక విజ్ఞాన వార్త వెలువడినది. ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రమువారు దేశమంతట రమారమి లక్ష చోట్ల సహజ గామా వికిరణమును కొలిచిరనియు, దేశపు సగటు గంటకు 94 నానోగ్రేలని తేలినదనియు, కేరళలోని కొల్లం జిల్లాలో ఒకచోట అది 9,562 నానోగ్రేలవరకు కనబడినదనియు ఆ వార్త సారాంశము. ఇంతకు పూర్వము ఇట్టి దేశవ్యాప్త పరిశీలన జరిగినది 1986లో. అప్పటి సగటు 89. అప్పుడు దొరికిన అత్యధికమైన విలువ ఆ కొల్లం జిల్లాలోనే చవర వద్ద 3,002. పత్రికలవారు ఈ రెండు జతల అంకెలను ప్రక్కప్రక్కన పెట్టి, కేరళలో కొన్ని భాగములందు వికిరణము ఇంతకాలము అనుకొన్నదానికంటె మూడురెట్లు ఉన్నదని శీర్షికలు వేసిరి. ప్రమాదమేమియు లేదను మాట కూడ దాని వెంటనే వ్రాసిరి. అయితే శీర్షిక చదివినంత మంది క్రింది వాక్యమును చదువరు గదా!

ఆ శీర్షికను చూచిన సామాన్య పాఠకునకు మొట్టమొదట కలుగు సందేహము ఒక్కటే: ముప్పదియేడు సంవత్సరములలో ఆ నేలలో వికిరణము మూడింతలు పెరిగినదా? పెరుగుటకు వీలు లేదు. కేరళ తీరపు ఇసుకలోని మోనజైట్ అను ఖనిజములో థోరియమ్ కలదు. థోరియమ్ సగము క్షయించుటకు పట్టు కాలము సుమారు 1,400 కోట్ల సంవత్సరములు. ఈ లెక్కన ముప్పదియేడు ఏండ్లలో నూరుకోట్ల థోరియమ్ పరమాణువులలో రెండు పరమాణువులైనను పూర్తిగా క్షయింపవు. సముద్రపు అలలు వర్షకాలములో ఇసుకను ఒకచోటినుండి మరియొకచోటికి చేర్చునుగాని, థోరియమును క్రొత్తగా పుట్టింపలేవు. కాబట్టి మారినది నేల కాదు, కొలిచినవారు మాపకమును పెట్టిన చోటు మాత్రమే. విమర్శకు పాత్రమగునది కూడ ఆ కొలతయే. ఇంకను సరిగా చెప్పవలెనన్న, కొలతలను కూర్చి దేశమునకంతకును ఒక అంకెగా చేసి చూపు పద్ధతి.

ఆ పద్ధతిని పరిశీలించుటకు ముందు, ఆరుబయట మాపకమునకు అందునదేమో తెలిసికొనవలెను. భూమిలో యురేనియమ్, థోరియమ్ అను రెండు మూలకములును, వాని సంతతియు, వీనితోపాటు పొటాసియమునందలి 40 సంఖ్యగల ఐసోటోపును గామా కిరణములను వెలువరించుచున్నవి. భారతదేశపు మట్టిని గురించి 1971లో ప్రకటింపబడిన లెక్కల ప్రకారము, నేలనుండి వచ్చు గామా మోతాదులో నూటికి 48.7 వంతులు పొటాసియమునుండియు, 33.6 వంతులు థోరియమ్ వంశమునుండియు, 17.7 వంతులు యురేనియమ్ వంశమునుండియు వచ్చుచున్నవి. కుండలో పెట్టిన మొక్కకు వేయు ఎరువులోని పొటాసియమును చూచి ఎవరును భయపడరు; కాని ఈ లెక్కలో సగముభాగము దానిదే. గామా కిరణములకు మట్టిని చీల్చుకొని పైకి వచ్చు శక్తి పరిమితము. ఒక అడుగు లోతునకు మించి ఉన్న పరమాణువులు ఎంత గామా వెలువరించినను, నేలపై మీటరు ఎత్తున నిలిపిన మాపకమునకు అందునది స్వల్పము. చదరముగా చూచినను అంతే: మాపకము చుట్టునున్న కొన్ని మీటర్ల వలయము లోపలినుండియే అధికభాగము వచ్చును. అనగా ఒక కొలత ఊరిని గురించి చెప్పదు. ఊరిలో ఒక పెరటిని గురించి చెప్పును.

నేలనుండి వచ్చునది ఒక పాలు. ఆకాశమునుండి వచ్చునది రెండవ పాలు. 1910లో థియొడోర్ వుల్ఫ్ అను జర్మన్ మతాచార్యుడు తాను నిర్మించిన విద్యున్మాపకమును పారిస్ నగరమందలి ఐఫిల్ గోపురముపైకి తీసికొనిపోయి, నేలకు దూరమైనకొలది వికిరణము తగ్గవలసినంతగా తగ్గలేదని కనుగొనెను. 1912లో విక్టర్ హెస్ బెలూనులో అయిదు కిలోమీటర్ల ఎత్తువరకు పోయి, అక్కడ అది తగ్గుటకు మారు పెరిగినదని చూపెను. ఇవే విశ్వకిరణములు. సముద్రమట్టమున ఇవి గంటకు సుమారు 32 నానోగ్రేలు. ఒక గ్రే అనగా కిలోగ్రాము పదార్థము ఒక జౌలు శక్తిని పీల్చుకొనుట. నానోగ్రే దానిలో నూరుకోట్లవ వంతు. ఎత్తైన ప్రదేశములలో ఈ పాలు హెచ్చును.

ఈ రెండు పాళ్లను విడదీసి చూపుటలోనే 1986వ సంవత్సరపు కృషికి గల విలువ కనబడును. ఆ ఏట భాభా కేంద్రమునుండి వెలువడిన నివేదికలలో ఒకచోట ఆరు వరుసల చిన్న పట్టిక కలదు. తరువాత అది ఎన్ని పాఠ్యపుస్తకములలోనికి, కరపత్రములలోనికి ప్రాకినదో లెక్కలేదు. సంవత్సరమునకు మైక్రోగ్రేలలో చెప్పినచో, ముంబైలో విశ్వకిరణములు 280, నేల 204, మొత్తము 484. కోల్‌కతాలో 280, 530, మొత్తము 810. చెన్నైలో 280, 510, మొత్తము 790. ఢిల్లీలో 310, 390, మొత్తము 700. బెంగళూరులో 440, 385, మొత్తము 825. కేరళలోని సన్నని తీరపు పట్టీలో 280, 3,720, మొత్తము 4,000.

ఈ పట్టికను ఓపికతో చదువువానికి ఎన్నో సంగతులు బోధపడును. కోల్‌కతా, బెంగళూరు నగరముల మొత్తములు దాదాపు సమానము. కాని ఆ సమానత్వము పైకి కనబడునదే. కోల్‌కతా గంగ మోసికొని వచ్చిన ఒండ్రుమీద సముద్రమట్టమున ఉన్నది. అక్కడి పాలు అధికముగా నేలది. బెంగళూరు సముద్రమట్టమునకు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడ ఆకాశపు పాలే నేల పాలును మించినది. ముంబై నేల నల్లని బసాల్ట్ రాయి. ఆ లావారాతిలో పొటాసియమ్, థోరియమ్, యురేనియమ్ మూడును తక్కువ. అందుచేత అక్కడ నేల పాలు ఢిల్లీలో సగమునకు కొంచెము మాత్రమే మించినది. మొత్తములు మాత్రమే ప్రకటించి ఊరకుండినచో ఈ భూగర్భశాస్త్రమంతయు మరుగున పడియుండును. రెండు పాళ్లను వేరువేరుగా అచ్చువేసినవారి వివేకమును మెచ్చుకొనక తప్పదు.

ఆనాటి దేశవ్యాప్త పరిశీలనలో వాడిన సాధనము కూడ మెచ్చదగినదే. డిస్ప్రోసియమ్ చేర్చిన కాల్షియమ్ సల్ఫేట్ వంటి కొన్ని స్ఫటికములు వికిరణము తగిలినప్పుడు దాని శక్తిలో కొంత తమలో దాచుకొనును. పిమ్మట వేడిచేసినచో దానిని వెలుగుగా విడుచును. ఆ వెలుగును కొలిచినచో, స్ఫటికము బయట ఉంచబడిన కాలమంతటిలో ఎంత మోతాదు చేరినదో తెలియును. దీనిని తాపదీప్తి మాపకము అనవచ్చును. దీనికి విద్యుత్తు అక్కరలేదు, కాపలా అక్కరలేదు, చూచి వ్రాసికొనువాడు అక్కరలేదు. దీని ముఖ్యగుణము మాత్రము వేరొకటి. సహజ వికిరణము క్షణక్షణము మారుచుండును. వాన కురియునప్పుడు గాలిలోని రేడాన్ సంతతి నీటితోపాటు నేలకు దిగి కొన్ని గంటలపాటు కొలతను పెంచును. నేల బాగుగా తడిసిన పిమ్మట ఆ నీరే అడ్డుపడి కొలతను తగ్గించును. చేతిలో మాపకము పట్టుకొని వచ్చినవాడు ఏ ఘడియలో వచ్చెనో ఆ ఘడియ సంగతినే వ్రాసికొని పోవును. నెలల తరబడి చెట్టుకు వ్రేలాడు స్ఫటికము ఎండను వానను సరితూచి ఒక సమగ్రమైన లెక్క చెప్పును.

కాని దేనికైనను వెల కలదు. ఒక స్ఫటికమును ఒక చోట నెలల తరబడి ఉంచి తిరిగి తెప్పించుకొను పద్ధతిలో ఎన్నో చోట్లను కొలుచుట కష్టము. 1986 నాటి దేశపు సగటు సంవత్సరమునకు 775 మైక్రోగ్రేలు. దాని వెంట వ్యాప్తిగా 370 అను అంకె ముద్రింపబడినది. ఈ రెండవ అంకెను గమనింపవలెను. సగటులో సుమారు సగమంత వ్యాప్తి ఉన్నదనగా, దేశములో ఒకచోటికిని మరియొకచోటికిని భేదము అంత విస్తారమని అర్థము. ఆ 775ను గంటకు మార్చినచో 88.5, అనగా పత్రికలు చెప్పిన 89. ఇప్పుడు 2023 నాటి 94తో పోల్చి, 89 నుండి 94కు పెరిగినదని వ్రాసినవారున్నారు. వ్యాప్తి 370 ఉన్నచోట గంటకు అయిదు నానోగ్రేల, అనగా సంవత్సరమునకు 44 మైక్రోగ్రేల భేదమునకు పెరుగుదల అని పేరు పెట్టుట తగదు. పత్రికలలోనికి సగటు మాత్రమే వచ్చినది. వ్యాప్తి నివేదికలోనే నిలిచిపోయినది. ఈ వదిలివేతలోనే సగము అనర్థమున్నది.

ఇంతకంటె పెద్ద చిక్కు కేరళ వరుసలో కలదు. పట్టికలో ఆ తీరపు పట్టీ మొత్తము సంవత్సరమునకు 4,000 మైక్రోగ్రేలు, అనగా 4 మిల్లీగ్రేలు. అదే సంవత్సరపు పరిశీలనలో చవర వద్ద అత్యధికము గంటకు 3,002 నానోగ్రేలు. దీనిని సంవత్సరమునకు మార్చినచో 26 మిల్లీగ్రేలు దాటును. ఒకే తీరము, ఒకే సంవత్సరము, ఒకే సంస్థ. ఒక అంకె నాలుగు, రెండవది ఇరువదియారు. రెండును సత్యమే. మొదటిది పట్టీ అంతటి పరిస్థితిని చెప్పునది; రెండవది ఒక బిందువును గురించినది. నల్లని మోనజైట్ ఇసుక అలల వలన ఒకచోట చేరి, పది గజముల అవతల పలుచబడిపోవును. ఈ రెండు రకముల అంకెలకు వేరువేరు పేర్లు పెట్టక, ఒకదాని ప్రక్కన ఒకటి ఉంచినచో చదువరి మోసపోవును. పత్రికలు మూడురెట్లని వ్రాసినది కూడ ఒక బిందువును మరియొక బిందువుతో పోల్చియే. బిందువులు ఎన్ని ఎక్కువైన, వానిలో అత్యధికము అంత హెచ్చుచునే యుండును. నూరుగురిలో అందరికంటె పొడవైనవానిని, లక్షమందిలో అందరికంటె పొడవైనవానిని ప్రక్కప్రక్కన నిలిపి, మనుష్యులు పొడవగుచున్నారని చెప్పినట్లున్నది ఈ పోలిక.

బిందువులను ఎక్కడ పెట్టవలెనను ప్రశ్నకు ఇతర దేశములవారు చెప్పిన సమాధానము చూడదగియున్నది. బ్రిటన్‌లో వికిరణ సంరక్షణ జాతీయ మండలివారు 1980 దశకములో దేశమును పది కిలోమీటర్ల భుజముగల చదరములుగా విభజించి, చదరమునకు ఒకటి చొప్పున ఆరుబయటి గామా వికిరణమును కొలిచిరి. ఊరు ఉన్నను లేకున్నను, రహదారి ఉన్నను లేకున్నను ఆ చదరమునకు దాని పాలు దానికి ఉండును. దీనిలో ఒక న్యాయమున్నది. సౌకర్యముగా ఉన్న చోటనే కొలిచి, కొలవని చోటులను కొలిచినవానివలెనే ఉండునని ఊహించు దోషము దీనిలో లేదు. అక్కడ నేలనుండి వచ్చు సగటు గంటకు 34 నానోగ్రేలని తేలినది.

అయితే ఈ న్యాయమును తీసికొని వచ్చి భారతదేశములో ప్రయోగించి చూడవలెను. దేశ విస్తీర్ణము సుమారు 32.87 లక్షల చదరపు కిలోమీటర్లు. లక్ష కొలతలను సమానముగా పంచినచో ఒక్కొక్క కొలతకు సుమారు 33 చదరపు కిలోమీటర్లు వచ్చును. కేరళలోని ప్రసిద్ధమైన ఆ మోనజైట్ పట్టీ, నీండకర నుండి పురక్కాడ్ వరకు, పొడవు 55 కిలోమీటర్లు, వెడల్పు సగటున అర కిలోమీటరు. అనగా విస్తీర్ణము 27 చదరపు కిలోమీటర్లు. సమానమైన పంపకములో ప్రపంచప్రసిద్ధమైన ఈ పట్టీ వంతునకు వచ్చునది ఒక్క కొలత! ఆ ఒక్కటి నల్లయిసుకపై పడినచో ఒక కథ, కొబ్బరితోటలోని తెల్లయిసుకపై పడినచో మరియొక కథ. కాబట్టి లక్ష అను సంఖ్య ఎంత ఘనముగా వినిపించినను, దానంతట అది ఏమియు హామీ ఇయ్యదు. నేల మారు చోట్ల కొలతలు దట్టముగాను, మారని చోట్ల పలుచగాను ఉండవలెను. గంగామైదానములో నూరు కిలోమీటర్లు పోయినను మాపకము పెద్దగా కదలకపోవచ్చును. చవరలో నూరు అడుగులు నడచినచో అది పదింతలు కావచ్చును.

ఇట్లు దట్టముగా కొలుచుట మంచిదే. కాని దట్టముగా కొలిచిన చోటులను పలుచగా కొలిచిన చోటులతో కలిపి తిన్నగా సగటు తీసినచో వేరొక తప్పు వచ్చును. ఊహకొరకు ఒక చిన్న లెక్క: ఒక దేశములో వేయి కొలతలు తీసిరనుకొందురు గాక. వానిలో 999 చోట్ల 80 చొప్పునను, ఒకచోట 3,000 గాను ఉన్నచో సగటు 83. ఆ దేశములోనే, తీరముమీది ఆసక్తితో అక్కడ ఒకటికి బదులు పది కొలతలు తీసి, మిగిలినచోట్ల 990 తీసినచో సగటు 109. దేశము మారలేదు, నేల మారలేదు, మాపకము మారలేదు. సగటు మాత్రము మూడింట ఒక వంతు పెరిగినది. దీనిని సరిదిద్దుటకు ప్రతి కొలతకును అది ప్రాతినిధ్యము వహించు వైశాల్యమును బట్టియో, అక్కడ నివసించు జనసంఖ్యను బట్టియో తూకము కట్టవలెను. ఈ రెండును వేరువేరు ప్రశ్నలకు సమాధానములు. వైశాల్యపు తూకము నేలను గురించి చెప్పును. జనసంఖ్య తూకము మనుష్యులను గురించి చెప్పును. థార్ ఎడారిలో చదరపు మైలుకును, కుట్టనాడులో చదరపు మైలుకును ఒకే తూకము ఇచ్చినవాడు మనుష్యుల మోతాదును గురించి మాటలాడరాదు. దేశపు సగటు అని ఎక్కడ ముద్రింపబడినను, ఏ తూకముతో తీసిరో దానిక్రిందనే ముద్రించుట ధర్మము.

ఐక్యరాజ్య సమితికి చెందిన అణు వికిరణ ప్రభావముల శాస్త్రీయ సంఘము 2000లో ప్రకటించిన నివేదిక ఈ విషయములో మేలుబంతి. ప్రపంచమునకు ఆరుబయట నేల వికిరణపు సగటు గంటకు 59 నానోగ్రేలని చెప్పుచు, అది జనసంఖ్య తూకముతో తీసినదని స్పష్టముగా వ్రాసినారు. ఇచ్చట ఇంకొక జారుడు మెట్టు కలదు. ఆ 59లో విశ్వకిరణములు చేరలేదు. 1986 నాటి భారతీయ సగటగు 89లో అవి చేరియున్నవి. రెంటిని పోల్చి, భారతదేశము ప్రపంచముకంటె ఒకటిన్నర రెట్లు వికిరణము గలదని తీర్మానించుట, పెట్టెతో తూచిన పండ్లను పెట్టె లేకుండ తూచిన పండ్లతో పోల్చుట వంటిది. ఆ 89లోనుండి విశ్వకిరణముల పాలు తీసివేసినచో మిగులునది ప్రపంచపు సగటునకు దాదాపు సమానమే.

ఇక మొదట చెప్పిన 9,562 అను అంకె వద్దకు మరల వచ్చినచో, ఇంకొక విశేషము బయటపడును. కొల్లం జిల్లాలోనే కరునాగపల్లి అను తాలూకా కలదు; చవర దానిలోని తీరమే. అక్కడ తిరువనంతపురములోని ప్రాంతీయ కేన్సర్ కేంద్రమువారు 1990 దశకములో మొత్తము 3,85,103 మంది నివాసులను జాబితాలోనికి ఎక్కించి, దీర్ఘకాల పరిశీలన ఆరంభించిరి. దాని ఫలితములు 2009లో ఒక అంతర్జాతీయ పత్రికలో ప్రచురింపబడినవి. తీరపు పంచాయతీలలో ఆరుబయటి వికిరణపు మధ్యస్థ విలువ సంవత్సరమునకు 4 మిల్లీగ్రేలకు మించియున్నదనియు, కొన్ని చోట్ల 70 మిల్లీగ్రేలవరకు ఉన్నదనియు ఆ వ్యాసపు మొదటి వాక్యములలోనే కలదు. 70 మిల్లీగ్రేలనగా గంటకు రమారమి 8,000 నానోగ్రేలు. 2023లో దొరికిన 9,562 దీనికి ఎంతో దూరములో లేదు. అనగా మూడురెట్లని సంచలనము కలిగించిన సంగతి పదునాలుగు సంవత్సరములకు పూర్వమే అచ్చయి గ్రంథాలయములలో ఉన్నది. స్థానికముగా ఇల్లిల్లు తిరిగి కొలిచినవారి జ్ఞానము దేశవ్యాప్తముగా కొలిచిన వార్త దగ్గరకు చేరలేదు. పోలికకు 1986 నాటి అంకెకు బదులు 2009 నాటి అంకెను ఆధారముగా తీసికొనియున్నచో ఆ శీర్షికయే పుట్టెడిది కాదు.

కరునాగపల్లి పరిశీలన మరియొక విధముగా కూడ దేశపు పటములకు గీటురాయి. అక్కడివారు నేల కొలతతో తృప్తిపడలేదు. ప్రతి గృహములోను లోపలను బయటను కొలిచి, వయస్సును బట్టి, స్త్రీపురుషులను బట్టి ఎవరు ఎంతకాలము ఇంటిలో గడపుదురో లెక్కించి, ఒక్కొక్కరికి మోతాదు కట్టిరి. ఆ విధముగా 30 నుండి 84 సంవత్సరముల వయస్సుగల 69,958 మందిని సగటున పదిన్నర ఏండ్లు గమనించిరి. 2005 చివరకు 1,379 కేన్సరు రోగములు నమోదైనవి. మోతాదు హెచ్చినకొలది కేన్సరు హెచ్చిన జాడ కనబడలేదు. దీని అర్థము హాని లేదని నిరూపణమైనదని కాదు. ఇంతమందిని ఇంతకాలము గమనించినను హాని పైకి తేలలేదని మాత్రమే. లెక్కలోని అనిశ్చితి రెండువైపులకును విస్తరించియున్నదని వారే తెలిపిరి. భయపెట్టువారును, ధైర్యము చెప్పువారును ఈ వాక్యములో తమకు పనికివచ్చు సగమును మాత్రమే తీసికొనుచుందురు.

ఆరుబయటి కొలతను మనుష్యుని మోతాదుగా చదువుట ఎంత పొరపాటో ఆ 9,562తోనే చూపవచ్చును. దానిని సంవత్సరములోని 8,760 గంటలతో హెచ్చించినచో 84 మిల్లీగ్రేలు వచ్చును. కాని ఆ ఇసుకమీద ఏడాది పొడవున రాత్రింబవళ్లు నిలుచుండువాడెవడు? ఐక్యరాజ్య సమితి సంఘము వాడు ప్రమాణము ప్రకారము మనుష్యుడు కాలములో అయిదవ వంతు మాత్రమే ఆరుబయట గడపును. అంతేకాక శరీరమునందలి అవయవములకు చేరు ప్రభావమునకై ఆ సంఘము 0.7 అను గుణకమును వాడును. ఈ రెంటిని లెక్కలోనికి తీసికొనినచో 84 కాస్తా 12 మిల్లీసీవర్టులకు లోబడి నిలుచును. దానికి ఇంటిలోని మోతాదు కలుపుకొనవలెను. ఇంటి నేల, గోడలు దేనితో కట్టిరో తెలియనిదే అది తేలదు. సాధారణ ప్రదేశములలో ఇటుకలు, రాళ్లు, కాంక్రీటు చుట్టుముట్టుటచేత ఇంటిలోపలి గామా బయటికంటె హెచ్చుగా, ప్రపంచపు సగటున 1.4 రెట్లుగా ఉన్నది. ఇక గాలిలో పీల్చు రేడాన్ ఈ కొలతకు అసలే అందదు. ప్రపంచములో మానవునకు సహజముగా ఏటేట లభించు 2.4 మిల్లీసీవర్టులలో 1.26 ఆ పీల్చిన గాలినుండియే వచ్చుచున్నవి. నేలనుండి వచ్చు గామా పాలు ఇంటిలోను బయటను కలిపి 0.48 మాత్రమే. ఆరుబయటి పటము ఎంత చక్కగా గీచినను, అది ఈ 0.48లో ఒక భాగమునకు పటము. ఆ సంగతి తెలిసి గీచినవారిని తప్పుపట్టవలసినది లేదు. తెలియక చదువువారికి తెలియజెప్పుట మాత్రము గీచినవారి విధియే.

ఇంత చెప్పిన పిమ్మట ఆరుబయటి కొలతలు వృథాయని ఎవరైన అనుకొనినచో అదియు పొరపాటే. వాని నిజమైన ప్రయోజనము సగటులో లేదు. మొదటి లెక్కగా నిలుచుటలో ఉన్నది. అణుకేంద్రమో, యురేనియమ్ గనియో, ఖనిజపు ఇసుకను త్రవ్వు పరిశ్రమయో వచ్చిన పిదప, అక్కడి వికిరణము పెరిగినదా లేదా అని వివాదము పుట్టినప్పుడు, అది రాకముందు ఆ చోట ఎంత ఉండెనో చెప్పు కాగితము ఒకటి ఉండవలెను. అట్టి కాగితము లేనిచోట సంస్థవారి మాటకును ఊరివారి మాటకును మధ్య తీర్పు చెప్పగలవాడు లేడు. ఆ కాగితముమీద దేశపు సగటు ఉన్నచో పనికిరాదు. ఆ ఊరి పొలముల పేర్లు, సర్వే సంఖ్యలు, కొలిచిన మాసము, కొలిచిన ఎత్తు, వాడిన సాధనము ఉండవలెను.

తెలుగు దేశములకు ఇది దూరపు సంగతి కాదు. పైన చెప్పిన ఆరు వరుసల పట్టికలో తెలుగు నేల ఒక్కటియు లేదు. ముంబై వరుసను చూచి దక్కనునంతకు అన్వయించినవాడు తెలంగాణములో అడుగు పెట్టగనే పొరపడును. వికారాబాదు, జహీరాబాదు ప్రాంతములలో ముంబై నేలయందున్న బసాల్టే కలదు; అక్కడి నల్లరేగడి దాని బిడ్డయే. అక్కడినుండి తూర్పుగా హైదరాబాదునకు, భువనగిరి ఏకశిలకు వచ్చినచో కాలిక్రింద ఉన్నది గ్రానైటు. గ్రానైటులో పొటాసియము, థోరియము, యురేనియము మూడును బసాల్టుకంటె హెచ్చు. నూరు మైళ్లు కూడ లేని ఈ దారిలో నేల పాలు చెప్పుకోదగినంతగా మారుననుటలో సందేహము లేదు. రాష్ట్రమునకు ఒక అంకె వేసినవాడు ఈ రెండు నేలలను కలిపి, ఏ నేలకును చెందని మూడవ అంకెను సృష్టించినవాడగును.

ఆంధ్రప్రదేశ్ తీరములో భీమునిపట్నము మొదలు శ్రీకాకుళము జిల్లావరకు ఇసుకలో మోనజైట్ పలుచోట్ల కలదు. దేశములోని మోనజైట్ నిలువలలో అన్నిటికంటె పెద్ద వాటా ఈ రాష్ట్రముదేనని హైదరాబాదు కేంద్రముగా పనిచేయు పరమాణు ఖనిజ సంచాలనాలయమువారి లెక్కలు. కడప ప్రాంతములోని తుమ్మలపల్లెలో యురేనియమ్ గని, శుద్ధి కర్మాగారము నెలకొన్నవి. నల్లమల అడవిలో యురేనియమ్ అన్వేషణమునకు వ్యతిరేకముగా ప్రజలు ఆందోళన చేయగా, 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ అక్కడ గనులు వలదని తీర్మానించినది. ఇట్టి సమయములందు ఒకవైపువారు అంతయు సహజమే అందురు. మరియొకవైపువారు ఉన్నదంతయు విషమే అందురు. ఇరువురును దేశపు సగటునే ఆధారముగా చూపగలరు. సగటునకు ఆ సౌలభ్యము కలదు.

నల్లమలలో ఒక చెంచు పెంటలో గుడిసెముందు మీటరు ఎత్తున ఒక స్ఫటికమును ఏడాదిపాటు వ్రేలాడదీయుటకు అగు ఖర్చు స్వల్పము. ఆ పెంటవారికి దాని ఫలితమును తెలుగులో వ్రాసి, అందులో నేల పాలు ఎంత, ఆకాశపు పాలు ఎంత, ఎన్నడు కొలిచిరి, గుడిసెలోపల ఎంత, బయట ఎంత అని చెప్పి, ఒక ప్రతి పంచాయతీ కార్యాలయములో ఉంచినచో, రేపు ఎవరు వచ్చి ఏమి చెప్పినను వారు ఆ ప్రతిని తెరచి చూపగలరు.